కాలరు కింద నీలం

లియోంటిన్ గొస్లాన్‌కు పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టి. పొలం పనికి నిలబడలేదని తండ్రి ఆమెను పన్నెండో ఏట కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టుపనికి పెట్టాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు వాల్‌బ్రే ఊళ్ళోనూ, చుట్టుపక్కల పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్ళలోనూ ఆమె సూది తగలని గుడ్డ లేదు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకో ఇల్లు. పొద్దున్నే కుంటుకుంటూ వచ్చేది. కిటికీ పక్కన కుర్చీ వేసుకునేది. మధ్యాహ్నం ఇంటివాళ్ళతో పాటే సూపు తాగి, వెలుగు ఉన్నంతసేపూ కుట్టి, మళ్ళీ కుంటుకుంటూ వెళ్ళిపోయేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఊరందరి పెళ్ళి గౌన్లూ కుట్టాను, నాది కుట్టుకునే తీరిక ఎవరిచ్చారు?" అనేది.

ఎవరి కుడి భుజం కిందికి వాలుతుందో, ఎవరు నడుము దగ్గర రెండు వేళ్ళ వదులు ఉంచమని అడిగి కారణం చెప్పలేదో ఆమెకు తెలుసు. ఒక ఇంట్లో తెలిసింది ఇంకో ఇంటికి మోసుకెళ్ళేది కాదు. అందుకే ప్రతి గడపలోనూ ఆమెకు చోటుండేది.

జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక కొత్త గుడ్డ కనపడటం మానేసింది. వెన్న వాళ్ళకే, గుర్రాలు వాళ్ళకే, ఉన్ని కూడా వాళ్ళకే. ఊళ్ళోవాళ్ళకు మిగిలింది పెట్టెల అడుగున ఉన్న పాతబట్టలు. లియోంటిన్ వాటి కుట్లు విప్పేది, లోపలి వైపు పైకి తిప్పి మళ్ళీ కుట్టేది. తాత కోటు మనవరాలికి లంగా అయ్యేది, దుప్పటి చొక్కా అయ్యేది, కర్టెను పిల్లల ప్రార్థన గౌను అయ్యేది. దారం లేకపోతే చిరిగిన స్వెట్టరు లాగి ఆ నూలు వాడేది. ఆ నాలుగేళ్ళలో ఆమె ఎంత కష్టపడి కుట్టిందంటే, ఊళ్ళో ఎవరి ఒంటి మీద గుడ్డ చూసినా అది ముందు ఎవరిదో, ఎక్కడ అతుకు పడిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది.

పంతొమ్మిది వందల నలభైమూడు చివర్లో, చలి ముదిరిన రోజుల్లో, కాంతెల్ వాళ్ళ ఇంట్లో ఓదీల్‌కు కోటు కుట్టాల్సి వచ్చింది. ఓదీల్‌కు పందొమ్మిదేళ్ళు. అనాతోల్, బెర్త్ దంపతులకు ఒక్కతే కూతురు. ఇంట్లో మిగిలిన మందపాటి గుడ్డ ఒకే ఒక్కటి. మొదటి ప్రపంచ యుద్ధంలో అనాతోల్ తొడుక్కున్న నీలం సైనిక కోటు. ఆయన దాన్ని ఇరవై అయిదేళ్ళుగా పెట్టెలో దాచుకున్నాడు.

"దీన్ని వేసుకుని మూడేళ్ళు బురదలో పడుకున్నాను నేను," అన్నాడు అనాతోల్. "ఇప్పుడు దీన్ని కత్తిరిస్తారా?"

"బురదలో పడుకోడానికి కాదులే, రొట్టె క్యూలో నిలబడ్డానికి," అంది బెర్త్. "పెట్టెలో చిమ్మటలు తింటున్నాయి. చిమ్మటలకి పెడతావు గానీ పిల్లకి పెట్టవా?"

"నాన్నా, నీ పతకాలు కూడా కుట్టించుకుంటాలే, బాధపడకు," అని ఓదీల్ నవ్వింది.

అనాతోల్‌కూ నవ్వొచ్చింది. కానీ ఆ నీలం రంగు వేసుకుని బయటికెళితే జర్మన్ల కంట పడుతుంది. బెర్త్ అక్రోటు కాయల తొక్కలు మరిగించి, విప్పిన ముక్కలన్నిటికీ గోధుమరంగు ఎక్కించింది. కాలరు లోపలి ముక్కను నీళ్ళలో వేయబోతుంటే అనాతోల్ పట్టుకున్నాడు.

"అదొక్కటీ వదిలెయ్యండి. ఎవరికీ కనపడదు కదా."

లియోంటిన్ ఆ నీలం ముక్కను అలాగే కాలరు కింద కుట్టింది. ఓదీల్‌ను నిలబెట్టి చేతుల కొలత రెండుసార్లు తీసుకుంది. ఆ పిల్లకు చేతులు పొడుగు, ఎప్పుడూ మణికట్టు బయటే ఉండేది. ఈసారి అలా కాకూడదని అంచులో ఉన్న గుడ్డంతా వదిలింది.

నలభైనాలుగు మే నెలాఖరుకు కాన్ పట్నం నుంచి, తీరం వైపు నుంచి జనం ఊరి మీదుగా పోవడం మొదలైంది. కొందరు ఒక పూట ఆగేవాళ్ళు, కొందరు వారం ఉండేవాళ్ళు. అలా వచ్చిన వాళ్ళలో ఒక అమ్మాయి కాఫీ కొట్టు మేడ మీద గదిలో దిగి, గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. పేరు నెనెత్ అంది. అంతకు మించి ఎవరూ అడగలేదు. పల్చటి గౌను, అట్టముక్క అడుగు వేసిన చెప్పులు. ఇరవై ఏళ్ళుంటాయి. ఓదీల్‌కూ ఆమెకూ నాలుగు రోజుల్లో స్నేహం కుదిరింది.

జూన్ ఆరున సముద్రం వైపు నుంచి పొద్దస్తమానం ఉరుములాంటి మోత వినపడింది. మిత్రసైన్యాలు తీరాన దిగాయని ఊరంతా సంతోషంతో నిద్రపోలేదు. ఏడో తేదీ బుధవారం. జూన్ నెలలా లేదు, చలిగాలి, సన్నటి జల్లు. లియోంటిన్ ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక పొలం ఇంట్లో కుడుతోంది. పదకొండున్నరకు విమానాల చప్పుడు వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళు వాకిట్లోకి పరుగెత్తి ఆప్రన్లు విప్పి ఊపారు.

"మనవాళ్ళే! లియోంటిన్ గారూ, రండి, చూడండి, మనవాళ్ళే!"

ఆమె లేచి గుమ్మం దాకా వచ్చేసరికి విమానాల కింద నల్లటి గింజల్లాంటివి రాలుతున్నాయి. తర్వాత నేల కదిలింది. బల్ల మీద ఉన్న కత్తెర ఎగిరి కిందపడింది. అప్పుడు ఆప్రన్లు చేతుల్లో అలాగే పట్టుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు.

విమానాలవాళ్ళు కొట్టాలనుకున్నది నాలుగు రోడ్ల కూడలిని, ఏటి మీది వంతెనను. లియోంటిన్ గంటసేపు నడిచి ఊరు చేరేసరికి వంతెన అలాగే ఉంది. చర్చి లేదు. బేకరీ లేదు, కాఫీ కొట్టు లేదు, కూడలి చుట్టూ ఉన్న ఇరవై ఇళ్ళు లేవు. సున్నం దుమ్ము కప్పేసి మనుషులందరూ ఒకే వయసు వాళ్ళలా కనిపిస్తున్నారు. ఇద్దరు ముసలి జర్మన్ సిపాయిలు తుపాకులు గోడకానించి ఊరివాళ్ళతో పాటు దూలాలు ఎత్తుతున్నారు. కాసేపటికి ఒక అధికారి వచ్చి కేకేస్తే వాళ్ళు తుపాకులు తీసుకుని వెళ్ళిపోయారు.

ముప్ఫై నాలుగు శవాలు. ఊరి చివర యాపిల్ పళ్ళు పిండే షెడ్డు ఒకటి మిగిలింది. అందులో గడ్డి పరిచి వరసగా పడుకోబెట్టారు. చాలామందికి ముఖాలు లేవు. ఫాదర్ ఒస్మోన్ నుదుటికి కట్టు కట్టుకుని, చేతిలో బడి నోట్‌బుక్కు పట్టుకుని లియోంటిన్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నీతో ఒక పని పడింది. అడగడానికి నోరు రావడం లేదు."

"అర్థమైంది ఫాదర్," అంది ఆమె. "ఒక కుర్చీ వేయించండి. నిలబడి చెయ్యలేను."

ఆ మధ్యాహ్నమంతా కుర్చీని ఒక శవం నుంచి ఇంకో శవం దగ్గరికి జరుపుతూ పోయారు. ఆమె ఒంగి గౌను అంచు తిప్పి చూసేది. కాజా కుట్టు చూసేది. మోకాలి దగ్గర అతుకు వేలితో తడిమేది. పేరు చెప్పేది. ఫాదర్ రాసుకునేవాడు. బట్టలోంచి వేలెడు ముక్క కత్తిరించి, అంకె వేసిన కాగితానికి గుచ్చేది. తొందరగా పూడ్చక తప్పదు కాబట్టి, రేపు ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి అదొక్కటే ఆధారం. కొన్నిసార్లు పేరు చెప్పేముందు కళ్ళు మూసుకుని ఆగేది. బేకరీ ఆయన ముగ్గురు పిల్లల్నీ ఒకే కర్టెను గుడ్డతో గుర్తుపట్టింది.

షెడ్డు బయట బెర్త్, అనాతోల్ నిలబడి ఉన్నారు. ఓదీల్ పదకొండింటికి రొట్టె కోసం ఊళ్ళోకి వచ్చింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇరవైరెండో శవం ఒక ఆడపిల్లది. బేకరీ గోడ కింద దొరికింది. ముఖం లేదు. ఒంటి మీద గోధుమరంగు కోటు. లియోంటిన్ కాలరు పైకి ఎత్తింది. కింద నీలం.

అప్పుడామె చేతులు ఇంకొక సంగతి కూడా చూశాయి. కోటు చేతులు పొడుగ్గా ఉన్నాయి. అంచు వేళ్ళ కణుపులు దాటి కిందికి దిగింది. ఓదీల్‌కు మణికట్టు మీద ఆగేలా కుట్టిన చేతులవి. లియోంటిన్ ఆ అంచును వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తలెత్తితే గుమ్మంలో బెర్త్ ఉంది.

"మా పిల్లేనా? చెప్పు లియోంటిన్. ఏదో ఒకటి చెప్పు."

"ఓదీలే," అంది ఆమె.

బెర్త్ అరవలేదు. వచ్చి గడ్డిలో కూచుని ఆ కోటు గుండీలు ఒక్కొక్కటే సరిగ్గా పెట్టింది.

మర్నాడు పొద్దున దుప్పట్లలో చుట్టి అందరినీ పూడ్చారు. ముప్ఫై ఒక్కరికి పేర్లున్నాయి, ముగ్గురికి లేవు. చెక్కపలకలు అయిపోతే అనాతోల్ తన దొడ్డి తలుపు విరగ్గొట్టి సిలువ చేశాడు, దాని మీద కూతురి పేరు తనే చెక్కాడు.

ఆపైన యుద్ధం వాల్‌బ్రే మీదికి వచ్చి ఎనిమిది వారాలు అక్కడే కూచుంది. మిగిలిన జనం పాత రాతి గనిలో తలదాచుకున్నారు. కాంతెల్ దంపతులు లియోంటిన్‌ను తమతోనే పెట్టుకున్నారు. తినడానికి ఉన్న బంగాళాదుంపల్లో బెర్త్ ఆమెకు ఎప్పుడూ పెద్దది ఇచ్చేది.

"నువ్వే లేకపోతే నా పిల్ల ఎక్కడుందో నాకు తెలిసేది కాదు," అనేది. "సమాధి ఉంది. పోయి కూచోడానికి చోటుంది. అది చాలామందికి లేదు."

లియోంటిన్ ఆ బంగాళాదుంప మింగలేక మింగేది. చనిపోయిన మనిషి ఒళ్ళు కుంచించుకుపోతుందని ఎక్కడో విన్నది, అదే తనకు తాను చెప్పుకునేది.

ఆగస్టు చివరి వారంలో, గనిలోంచి అందరూ ఇళ్ళకు చేరాక, ఇంగ్లీషు సైన్యం లారీ ఒకటి కాంతెల్ వాళ్ళ మలుపు దగ్గర ఆగి ఒక పిల్లను దించి వెళ్ళిపోయింది. జుట్టంతా కత్తిరించేశారు, చెవి మీద కట్టు ఉంది. అనాతోల్ బావి దగ్గర ఉన్నాడు. బొక్కెన వదిలేశాడు. అది బావిలో పడిన చప్పుడుకే బెర్త్ బయటికొచ్చింది.

ఓదీల్.

కూడలి అవతల సైకిలు గొలుసు బాగు చేయించుకుంటుంటే బాంబు పేలుడు ఆమెను కాలవలోకి విసిరింది. దక్షిణానికి పోతున్న బండి వాళ్ళు ఎవరో ఎత్తుకుని ఎనభై కిలోమీటర్ల దూరంలో ఆసుపత్రిలో చేర్చారు. మూడు వారాలు తన పేరు తనకే గుర్తులేదు. గుర్తొచ్చాక రాసిన ఉత్తరాలు మోసే తపాలా లేదు. ఒక చెవి వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడుతోంది. తల్లి ఆమె ముఖాన్ని, మెడను, చేతుల్ని తడుముతూనే ఉంది. తండ్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సూపు తాగుతూ ఓదీల్ అడిగింది. "నెనెత్ ఏదీ?"

బెర్త్, అనాతోల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వినపడలేదా? నాకా, మీకా చెవుడు? నెనెత్ ఎక్కడుంది? చలికి వణుకుతుంటే నా కోటు ఇచ్చాను. క్యూలో నా చోటు కూడా పట్టుకోమని చెప్పి సైకిలు తీసుకుని వెళ్ళాను. కోటు తెచ్చిచ్చిందా?"

బెర్త్ చెంచా కింద పెట్టింది. అనాతోల్ మెల్లగా లియోంటిన్ వైపు తిరిగాడు.

లియోంటిన్ కుర్చీలోంచి లేచింది. "నాకు తెలుసు," అంది. "పూర్తిగా తెలియదు. కానీ కోటు చేతులు ఆ పిల్లకి పొడుగయ్యాయి. చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు బెర్త్. ఏదో ఒకటి చెప్పమన్నావు."

"అయితే తప్పు నాదంటావా?" అంది బెర్త్.

"కాదు. నాదే."

బెర్త్ లేచి ఆమె భుజం పట్టి కుర్చీలో కూచోబెట్టింది. "నా పిల్ల బతికొచ్చింది. ఇవాళ నీ మీద కోపం తెచ్చుకోమన్నా నాకు రాదు," అంది. "కానీ మూడు నెలల నుంచి ఆ మట్టి మీద నేను ఏడుస్తున్నాను కదా. ఆ పిల్ల తల్లి ఏం చేస్తోంది?"

ఆ రాత్రంతా ఓదీల్ ఏడుస్తూనే ఉంది. నెనెత్ తన చోటులో నిలబడి చనిపోయిందని ఆమె బాధ. చలికి కోటిచ్చినందుకు ఎవరూ చావరని తల్లి, తండ్రి, ఫాదరు ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఆ ఒక్క ముక్కా నమ్మడానికి ఏళ్ళు పట్టింది.

మర్నాడు అనాతోల్ సమాధి దగ్గరికెళ్ళి సిలువ మీద చెక్కిన పేరును ఉలితో చదును చేశాడు. సిలువను మాత్రం పీకలేదు. దాని మీద రాయడానికి పేరు కావాలి. నెనెత్ అన్నది ముద్దుపేరు. కాఫీ కొట్టు ఆవిడ కూడా అదే రోజు పోయింది. నెనెత్ వాళ్ళమ్మ కాన్‌లో బట్టలుతికే చోట పనిచేస్తుందని ఓదీల్‌కు గుర్తుంది. ఇంటిపేరు తెలియదు.

లియోంటిన్ దగ్గర ఇరవైరెండో నంబరు కాగితం ఉంది. కోటు ముక్కతో పాటు లోపలి గౌను ముక్క కూడా ఆమె కత్తిరించి పెట్టింది. బూడిదరంగు మీద చిన్న చిన్న చెర్రీ పళ్ళ బొమ్మలు, రెండేసి పళ్ళు ఒకే కాడకు.

అక్టోబరులో ఆమె పాల లారీ ఎక్కి కాన్ వెళ్ళింది. పట్నం రాళ్ళకుప్ప అయిపోయింది. ఏ వీధి ఎక్కడుందో అక్కడ పుట్టినవాళ్ళకే తెలియడం లేదు. పెద్ద చర్చిలో తలదాచుకున్న జనం ఇంకా కొందరు అక్కడే ఉన్నారు. బయట బోర్డు మీద వందల చీటీలు: ఫలానా వాళ్ళు బతికే ఉన్నారు, ఫలానా వాళ్ళు ఎక్కడున్నారో తెలిసినవాళ్ళు చెప్పండి. లియోంటిన్ చెర్రీ గుడ్డలో సగం కత్తిరించి బోర్డుకు గుచ్చింది. కింద రాసింది: "ఈ గుడ్డతో గౌను ఉన్న అమ్మాయి, నెనెత్ అని పిలుస్తారు, ఇరవై ఏళ్ళు. ఇంటివాళ్ళు వాల్‌బ్రేలో కుట్టుపని లియోంటిన్ గొస్లాన్‌కు రాయండి."

పక్కనే చీటీ గుచ్చుతున్న ఒకావిడ అది చూసి, "బతికుందా ఆ పిల్ల?" అని అడిగింది.

"అది ముందు వాళ్ళమ్మకి చెప్పాలి," అంది లియోంటిన్.

ఆమె ఇంకా మూడుసార్లు వెళ్ళింది. ఉతికే చోట్లన్నీ తిరిగింది. వానకు చీటీ చిరిగితే మళ్ళీ రాసి గుచ్చింది. మార్చి నెలలో ఉత్తరం వచ్చింది. వంకరటింకర అక్షరాలు. "ఆ గుడ్డ నేనే కొన్నాను. ఆ గౌను నేనే కుట్టాను. మా పిల్ల పేరు అంత్వానెత్ వోక్లాన్. చదివేవాళ్ళు చదివి చెప్పారు గానీ మీ చీటీలో బతికుందని లేదు. నేను వస్తాను."

ఆ తల్లి, ఎర్నెస్తీన్ వోక్లాన్, ఈస్టరుకు ముందు వారం వచ్చింది. చాకలిసోడా నీళ్ళకు చేతులు ఎర్రగా పగిలిన సన్నటి మనిషి. ఓదీల్ బస్సు దగ్గరికి ఎదురెళ్ళి, ఆమె సంచీ అందుకుంది. సిలువ మీద అనాతోల్ ముందే పేరు చెక్కి ఉంచాడు. ఎర్నెస్తీన్ ఆ అక్షరాలను వేలితో తడుముకుంటూ పోయింది, చదవడం సరిగ్గా రాదు కాబట్టి. తర్వాత మట్టి మీద కూచుంది.

"ఎవరి విమానాలు?" అని అడిగింది.

"మనవాళ్ళవే," అన్నాడు అనాతోల్.

"మాకూ అంతే," అందామె.

ఆమె లియోంటిన్ వైపు తిరిగింది. "నా కుట్టు మీరు చూశారు కదా. ఆ అంచు వంకరగా ఉందని మా పిల్ల రోజూ నాతో దెబ్బలాడేది. మళ్ళీ కుట్టి ఇస్తానన్నాను. తీరిక లేకపోయింది."

"అంచు బాగానే ఉంది," అంది లియోంటిన్. "నేను దగ్గర్నుంచి చూశాను."

"ఆ రోజు చలిగా ఉండింది. దానికి పైన వేసుకోడానికి ఏమీ లేదు."

"ఉంది. మంచి ఉన్ని కోటు వేసుకుంది. నిండుగా, వేళ్ళ దాకా కప్పి ఉంది."

ఎర్నెస్తీన్ తలాడించింది. ఓదీల్ ఆమె పక్కన మట్టిలో కూలబడి కోటు సంగతి, క్యూ సంగతి, అంతా గట్టి గొంతుతో చెప్పేసింది. ఎర్నెస్తీన్ చివరిదాకా విన్నది. విన్నాక ఆ పిల్ల వినపడని చెవి మీద జుట్టు సర్దింది. కూతురి శవాన్ని పట్నానికి తీసుకెళతారా అని ఫాదరు అడిగితే, "అక్కడ నా ఇల్లే లేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోను? ఇక్కడే ఉండనివ్వండి," అంది.

లియోంటిన్ పని అంతటితో ఆగలేదు, ఊరు ఆగనివ్వలేదు కూడా. పేర్లు లేని ముగ్గురిలో ఒక మగమనిషి ఉన్నాడు. ఊరి అవతల ఉండే క్లెమాన్స్ అనే ఆవిడ భర్త బండి తోలేవాడు, ఆ బుధవారం నుంచి కనపడలేదు. ఆవిడ రెండేళ్ళు ఎదురుచూసి, ఒకరోజు లియోంటిన్ దగ్గరికి వచ్చింది.

"ఆ కాగితం చూపించు."

గళ్ళు లేని గోధుమరంగు కార్డురాయ్ ముక్క. ఊళ్ళో మగాళ్ళందరూ వేసుకునేదే.

"ఇది ఆయనదే," అంది క్లెమాన్స్. "నువ్వే కుట్టావు కదా ఆయన ప్యాంటు."

"ఆయనకీ కుట్టాను. ఇంకా ఇరవై మందికి కుట్టాను."

"అయితే ఆయనదే అయ్యుండొచ్చు కదా! అవునని ఒక్క మాట అను. రాయి మీద పేరు చెక్కిస్తారు. నాకు అది చాలు. నీదేం పోతుంది?"

లియోంటిన్ ఆ ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, అరగంట చూసింది. క్లెమాన్స్ నిలబడే ఉంది.

"నాకు తెలియదమ్మా," అంది చివరికి.

"కాంతెల్ వాళ్ళ విషయంలో మాత్రం నీకు తెలిసిందా అప్పుడు?"

"అప్పుడూ తెలియలేదు. తెలుసన్నాను."

క్లెమాన్స్ తలుపు వేయకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ లియోంటిన్‌తో మాట్లాడలేదు, ఎదురుపడితే రోడ్డు దాటేది. ఊళ్ళో కొందరు లియోంటిన్‌ను రాతిగుండె అన్నారు. ఒక్క మాట అంటే ఏం పోయిందన్నారు. ఫాదర్ ఒస్మోన్ ఒకసారి మెల్లగా అడిగితే, "ఆయన ఎక్కడో ఆసుపత్రిలో సూపు తాగుతున్నాడేమో ఫాదర్, నాకేం తెలుసు," అంది. క్లెమాన్స్ భర్త తిరిగి రాలేదు. ఆ గోతిలో ఉన్నది ఎవరో కూడా తేలలేదు.

నలభైతొమ్మిదిలో కొత్త చర్చి గోడకు రాతిపలక పెట్టారు. అందులో ముప్ఫై ఒక్కరి పేర్లు, వరసలో అంత్వానెత్ వోక్లాన్ పేరు, అడుగున "ఇంకా ముగ్గురు" అన్న మాట ఉన్నాయి. ఆ మాట వద్దు, చూడ్డానికి బాగుండదని పంచాయతీలో కొందరన్నప్పుడు, ఎన్నడూ సభలకు వెళ్ళని లియోంటిన్ వెళ్ళి కూచుని, అది ఉంచేదాకా లేవలేదు.

చెయ్యి వణుకు వచ్చేదాకా ఆమె కుడుతూనే ఉంది. ఓదీల్‌కు పెళ్ళిగౌను కుట్టింది, ఆమె పిల్లలకు గౌన్లు కుట్టింది. ఎర్నెస్తీన్ ప్రతి జూన్‌లో వచ్చి కాంతెల్ వాళ్ళింట్లో రెండు రోజులుండి వెళ్ళేది. వచ్చిన మొదటి సాయంత్రం ముసలివాళ్ళు ముగ్గురూ, బెర్త్, ఎర్నెస్తీన్, లియోంటిన్, వాకిట్లో బెంచీ మీద కూచుని బఠాణీలు ఒలిచేవాళ్ళు. అరవైఒకటి శీతాకాలంలో లియోంటిన్ పోయింది. ఆమె గదిలో అంకెలు వేసిన ముప్ఫై నాలుగు కాగితాలు ఒక బిస్కట్ల డబ్బాలో దొరికాయి. ఓదీల్ వాటిని ఊరి ఆఫీసుకు ఇవ్వలేదు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే తన ఇల్లు అడగమని అక్కడ చెప్పి, డబ్బాను తన బీరువాలో పెట్టుకుంది.